మడమ నేలకు ఆనడం లేదు, కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 51. తెనాలిలో ఇంట్లోనే బట్టలు కుడతాను. మూడేళ్ల కిందట వానలో మెట్ల మీద జారిపడితే కుడి చీలమండ బయటి వైపు ఎముక విరిగింది. ఆపరేషన్ అక్కర్లేదని ఏడు వారాలు సిమెంటు కట్టు వేశారు. కట్టు తీసిన రోజు 'ఎముక అతుక్కుంది, ఇక నడవండి' అన్నారు, అంతే. నొప్పి పోయింది కానీ అప్పటినుంచి ఆ పాదం పైకి వంగదు. గొంతుకూర్చుంటే కుడి మడమ గాల్లోనే ఉంటుంది. ముగ్గు వేయలేను. మెట్లు దిగేటప్పుడు కాలు పక్కకి తిప్పి దిగుతాను. కుట్టుమిషను ఎడమ కాలితోనే తొక్కుతున్నాను. ఈ ఏడాదిగా ఎడమ చీలమండ కూడా బిగుసుకున్నట్టుంది, దానికి ఏ దెబ్బా తగల్లేదు. ఒకరు నరం పట్టేసిందన్నారు, ఒకరు వాతం అన్నారు, మా అమ్మాయి ఎమ్మారై తీయించుకోమంటోంది. ఈ వయసుకి ఇది మామూలేనా? అన్నట్టు, నాకు పన్నెండేళ్లుగా షుగరు ఉంది, మాత్రలు వాడుతున్నాను. కుడి బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు ఆనె ఒకటి పెరుగుతూ ఉంటుంది. నెలకోసారి బ్లేడుతో చెక్కేసుకుంటాను, నొప్పేమీ ఉండదు.
ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీరు 'అన్నట్టు' అని చివర్లో రాసిన ఆ నాలుగు ముక్కల నుంచే మొదలుపెడతాను. ఆనెను బ్లేడుతో చెక్కడం ఈ రోజుతో ఆపేయండి. నొప్పేమీ ఉండదని మీరు ధైర్యంగా రాశారు, నాకు భయం వేసింది సరిగ్గా ఆ మాట దగ్గరే. పన్నెండేళ్ల షుగరులో అరికాలికి నొప్పి తెలియడం లేదంటే ఆనె మంచిదని కాదు, నరాలు మొద్దుబారుతున్నాయేమో చూడాలని. బ్లేడు అర మిల్లీమీటరు లోతుగా దిగినా మీకు తెలియదు. తెలిసేసరికి చీము పడుతుంది.

ఆ ఆనెకూ వంగని చీలమండకూ సంబంధం ఉంది. నడిచేటప్పుడు పాదం నేల మీద ఆనాక ఒళ్లంతా దాని మీదుగా ముందుకు సాగాలి. ఆ క్షణంలో చీలమండ సుమారు 10 డిగ్రీలు పైకి వంగాలి. వంగలేదనుకోండి, మడమ తొందరపడి లేచిపోతుంది, బరువంతా వేళ్ల మొదళ్ల మీద పడుతుంది. రోజుకు కొన్ని వేల అడుగులు, ప్రతి అడుగుకీ అదే చోట అదే ఒత్తిడి. చర్మం తనను కాపాడుకోవడానికి గట్టిపడుతుంది. అదే ఆనె. చెక్కినా నెలకోసారి మళ్లీ రావడానికి కారణం అదే, ఒత్తిడి ఎక్కడికీ పోలేదు కదా. గట్టిపడ్డ ఆనె మళ్లీ చెప్పులో రాయిలా లోపలి కండను నొక్కుతుంది. దాని కింద రక్తం చేరి నల్లటి మచ్చ కనబడితే, పుండు పడబోతోందని అర్థం. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి: ముందు ఈ వారంలో ఎవరైనా డాక్టరుకు పాదం చూపించడం, ఆ తర్వాతే చీలమండ సంగతి.

ఇక మీ అసలు ప్రశ్న. 'కాలు వంగడం లేదు' అనే ఒక్క మాటలో నాలుగు వేర్వేరు సంగతులు దాక్కుని ఉంటాయి. కీలు లోపలే ఏదో అడ్డం పడటం ఒకటి. కీలు బాగానే ఉన్నా పిక్క కండ పొట్టిదై వెనక నుంచి లాగిపట్టడం రెండోది. కీలూ కండా బాగున్నా పాదాన్ని పైకి ఎత్తే నరం పని చేయకపోవడం మూడోది. నాలుగోది నొప్పి భయంతో మనమే బిగబట్టడం. మందులూ పరీక్షలూ ఈ నాలుగింటికీ వేరు. 'నరం పట్టేసింది' అన్నవారు, 'వాతం' అన్నవారు ఇద్దరూ మీ కాలును చేత్తో పట్టుకుని వంచి చూడలేదని మాత్రం పందెం కాయగలను.

ఇంట్లో చూసుకోదగ్గవి మూడు ఉన్నాయి. మంచం అంచున కూర్చుని కాళ్లు వేలాడేయండి. పాదాన్ని మీ అంతట మీరు పైకి ఎత్తండి. తర్వాత ఇంకెవరినైనా అరికాలు కింద చెయ్యి పెట్టి మెల్లగా పైకి నెట్టమనండి. మీరు ఎత్తలేనిది వాళ్ల చేతికి సులువుగా వంగితే కీలులో అడ్డేమీ లేదు, లోపం నరంలోనో కండ బలంలోనో ఉంది. వాళ్ల చేతికీ వంగకపోతే కీలు గానీ పిక్క గానీ.

ఆ రెండింటిలో ఏదో తేల్చడానికి ఇంకో చిన్న ఉపాయం ఉంది. మోకాలు తిన్నగా చాపి ఒకసారి, మోకాలు మడిచి ఒకసారి, పాదాన్ని పైకి నెట్టించుకోండి. పిక్కలో పైనున్న పెద్ద కండ మోకాలి పైనుంచి మొదలై మడమ దాకా వస్తుంది. మోకాలు మడిస్తే అది వదులవుతుంది. అందుకని మోకాలు మడిచినప్పుడు పాదం బాగా వంగి, చాపినప్పుడు ఆగిపోతే దోషి ఆ కండే. మోకాలు ఎలా పెట్టినా ఒకే చోట ఆగిపోతే కీలునీ, పిక్క లోతున ఉన్న రెండో కండనీ, మడమ వెనక ఉన్న లావాటి పట్టీనీ అనుమానించాలి. ఎక్కడ ఆగుతోందో కూడా గమనించండి. పిక్కలో లాగినట్టుంటే ఒక లెక్క. చీలమండ ముందు భాగంలో రాయికి రాయి తగిలినట్టు టక్కున ఆగితే ఇంకో లెక్క.

మూడోది గోడ పరీక్ష. గోడకు ఎదురుగా నిలబడి, మడమ నేల మీంచి లేవకుండా మోకాలిని గోడకు తాకించాలి. తాకితే పాదాన్ని కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ పోవాలి. మడమ లేవకుండా మోకాలు గోడను తాకే ఆఖరి దూరం ఎంతో, బొటనవేలి నుంచి గోడ వరకు కొలవండి. మీ ఇంట్లో టేపు ఎలాగూ ఉంటుంది. బాగా వంగే చీలమండకు సుమారు 10 సెంటీమీటర్లు వస్తుంది. ఒక్కో సెంటీమీటరుకు మూడున్నర డిగ్రీల దాకా వంపు అనుకోవచ్చు. రెండు కాళ్ల మధ్య 2 సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే దాన్ని పట్టించుకోవాలి. గోడ పట్టుకుని, చెప్పులు వేసుకునే చేయండి. మీ అరికాళ్లు వట్టి నేల మీద ప్రయోగాలు చేసే స్థితిలో లేవు. రెండు కాళ్లకూ ఒకే రకం చెప్పులు కాబట్టి పోల్చడానికి ఇబ్బంది ఉండదు.

మీ కుడి కాలి కథ నాకు చాలావరకు ఉత్తరంలోనే కనబడుతోంది. ఏడు వారాలు కదలకుండా ఉన్న ఏ కీలైనా బిగుసుకుంటుంది. కీలు చుట్టూ ఉండే సంచిలాంటి పొర ముడుచుకుని అక్కడక్కడా అతుక్కుపోతుంది. కట్టు వేసేటప్పుడు పాదం కాలికి లంబంగా ఉండాలి. వాపు వల్లో, నొప్పికి మీరు ఒప్పుకోకో, వేళ్లు కాస్త కిందికి దిగి ఉన్న భంగిమలోనే కట్టు పడి ఉంటే పిక్క కండ ఆ పొట్టి కొలతకే అలవాటు పడిపోతుంది. కట్టు తీసిన రోజున ఎముక అతుక్కుంది, నిజమే. కానీ చికిత్స సగమే అయింది. మిగతా సగం, అంటే కదలిక తెప్పించే వ్యాయామం, మీకు ఎవరూ చెప్పలేదు. మా వృత్తిలో ఇది మామూలుగా జరిగే తప్పు. ఎక్స్‌రేలో గీత మాయమైతే మేం సంతోషించి తరువాతి రోగిని పిలుస్తాం. నేనూ అలా చేసినవాణ్నే. ఒకసారి షటిల్ ఆడుతూ నా సొంత చీలమండ మెలిక పడి, నెలన్నర తర్వాత బస్సు మెట్టు దిగలేక రెయిలింగు పట్టుకుని వేలాడినప్పుడు గానీ కట్టు తీశాక ఏం చెప్పాలో నాకు బుర్రకెక్కలేదు.

అయితే మూడేళ్లయినా తగ్గలేదంటే ఒట్టి బిగుతు ఒక్కటే అనుకోకూడదు. చీలమండలో తాలస్ అనే ఎముక ఉంటుంది. కాలి ఎముకలు రెండూ కలిసి కట్టిన గూట్లో అది తలుపు బందులా తిరుగుతుంది. వెనక సన్నగా, ముందు వెడల్పుగా ఉంటుంది దాని పైభాగం. పాదం పైకి వంగేటప్పుడు ఆ వెడల్పు భాగం గూట్లోకి వచ్చి బిగుతుగా కూర్చోవాలి. విరిగిన బయటి ఎముక కాస్త వంకరగా గానీ, పొట్టిగా గానీ అతుక్కుంటే గూడు కొలత మారిపోతుంది. తాలస్ ఒక్క మిల్లీమీటరు బయటికి జరిగితే చాలు, కీలులో ఎముకలు ఒకదానికొకటి ఆనుకునే వైశాల్యం సుమారు 42 శాతం తగ్గిపోతుందని రామ్సే, హామిల్టన్ అనే ఇద్దరు 1976లోనే కొలిచి చూపించారు. బరువంతా మిగిలిన కొంచెం చోటే మోయాలి, అక్కడ కీలు పైనుండే మెత్తటి పొర అరుగుతుంది. మోకాలు అరగడానికి వయసు, బరువు పెద్ద కారణాలు. చీలమండ అరుగుదలలో మాత్రం ఎక్కువ మందికి వెనక ఎప్పుడో ఒక పాత దెబ్బ ఉంటుంది. 'ఈ వయసుకి మామూలేనా' అని అడిగారు కదా, మామూలు కాదు.

పాత దెబ్బ వల్లే వచ్చే ఇంకో అడ్డు, కీలు ముందు అంచున పెరిగే ఎముక మొన. కాలి ఎముక అంచున ఒకటి, తాలస్ మెడ మీద ఒకటి చిన్న ముక్కుల్లా పెరిగి, పాదం పైకి వంగగానే ఒకదానికొకటి తగులుతాయి. ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో ఇది బాగా చూస్తాం. ఇందాక చెప్పిన 'టక్కున ఆగడం' దీని గుర్తు. దెబ్బ తగిలినప్పుడు తాలస్ పైపొర చిన్న ముక్కగా లేచి ఉంటే, నడుస్తుంటే లోపల ఏదో ఇరుక్కున్నట్టు, వదిలినట్టు ఉంటుంది. మీరు అలాంటిదేమీ రాయలేదు.

వీటికి ఎమ్మారైతో మొదలుపెట్టనక్కర్లేదు. అమ్మాయి ప్రేమగా చెప్పింది, కాదనను. కానీ ముందు కావాల్సింది నిలబడి, రెండు కాళ్ల మీద సమానంగా బరువు వేసి తీసిన ఎక్స్‌రే. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఎముకల మధ్య సందు ఉన్నదాని కన్నా బాగా కనబడవచ్చు. రెండు చీలమండలూ ముందు నుంచి, పక్క నుంచి తీయమని, 'నిలబెట్టి తీయండి' అని నోరు తెరిచి అడగండి. ఎక్స్‌రే బాగుండి, వ్యాయామం చేసినా గుణం కనబడకపోతే, లేదా లోపల ఇరుక్కుంటున్నట్టుంటే అప్పుడు ఎమ్మారైకి అర్థం ఉంటుంది.

ఎడమ కాలికి దెబ్బ తగల్లేదు, అయినా బిగుస్తోంది. మిషను భారమంతా దాని మీదే పడుతోంది, అది కొంత. కానీ నా చూపు షుగరు మీదే. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది మన కీళ్ల పొరల్లో, కండను ఎముకకు కట్టే పట్టీల్లో ఉండే కొల్లాజెన్ అనే పీచుకు అంటుకుంటుంది. పాకం పట్టిన నూలులా ఆ పీచులు ఒకదానికొకటి అతుక్కుని సాగే గుణం పోతుంది. మడమ వెనక పట్టీ దళసరెక్కుతుంది. ఇది నొప్పి లేకుండా, రెండు వైపులా, మెల్లగా వస్తుంది కాబట్టి ఎవరూ కంప్లైంటు చేయరు. దీని ఆచూకీ చేతుల్లో దొరుకుతుంది. రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి చూడండి. అరచేతులు, వేళ్లు పూర్తిగా ఆనకుండా మధ్యలో సందు మిగిలితే, చేతుల్లో జరిగిందే పాదాల్లోనూ జరుగుతోందన్న అనుమానం బలపడుతుంది. సూది గుచ్చి దారం ఎక్కించే వేళ్లు మీవి, అక్కడ తేడా వస్తే మీకు ముందే తెలిసి ఉండాలి. భుజం పట్టేసి జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోవడం కూడా షుగరు ఉన్నవాళ్లలో ఎక్కువే.

మీరు మాత్రలు వాడుతున్నానని రాశారు గానీ షుగరు ఎంత ఉంటోందో రాయలేదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. థైరాయిడ్ కూడా చూపించండి, అది తగ్గినా ఒళ్లు బిగుస్తుంది. అరికాలికి స్పర్శ తెలుస్తోందో లేదో నైలాన్ దారం లాంటి సన్నటి పుల్లతో తాకి చూసే పరీక్ష ఉంది. 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా చేసిన దారం అది. రెండు నిమిషాల పని, ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. చేయమని అడగండి.

షుగరు సంగతిలోనే ఇంకో హెచ్చరిక. ఏదో ఒక పాదం ఉన్నట్టుండి ఎర్రబడి, వాచి, రెండో పాదం కన్నా వేడిగా అనిపిస్తే, నొప్పి అంతగా లేకపోయినా సరే, ఆ క్షణం నుంచి ఆ కాలి మీద బరువు వేయకండి, అదే రోజు డాక్టరును కలవండి. షుగరుతో నరాలు మొద్దుబారిన పాదంలో ఎముకలు లోలోపల విరిగి, కీళ్లు జారిపోయే జబ్బు ఒకటుంది. దాన్ని షార్కో పాదం అంటారు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. దాన్ని చాలాసార్లు ఇన్‌ఫెక్షన్ అనో, గౌట్ (యూరిక్ ఆసిడ్ పెరిగి వచ్చే కీళ్ల వాపు) అనో పొరపడతారు. ఆ సమయంలో నడిస్తే పాదం వంపు కూలి, పడవ అడుగులా తయారవుతుంది. నడవకుండా కట్టు వేసి కాపాడుకుంటే పాదం ఆకారం నిలుస్తుంది.

ఇదే ఇబ్బంది వేరే కారణాలతో ఉన్న పాఠకులూ ఇది చదువుతారు. మీ ఉత్తరాన్ని అడ్డం పెట్టుకుని వాళ్లకూ కొంచెం చెప్పనివ్వండి.

పాదం బిగుసుకోకుండా, ఎత్తలేక వేలాడుతూ, నడుస్తుంటే చెప్పు జారిపోతూ, వేళ్లు నేలకు రాసుకుంటూ ఉంటే అది నరం సంగతి. మోకాలి బయటి వైపు, పిక్క ఎముక తలకాయ కిందుగా వెళ్లే నరం చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. గంటల తరబడి గొంతుకూర్చుని నాట్లు వేసినా, కలుపు తీసినా, కాలు మీద కాలేసుకుని కూర్చున్నా, బిగుతు సిమెంటు కట్టు అక్కడ నొక్కినా అది దెబ్బతింటుంది. నడుములో డిస్కు జారి నరాన్ని నొక్కినా ఇదే కనబడుతుంది. ఒకేసారి పాదం పడిపోవడంతో పాటు మాట తడబడటమో, మూతి వంకరపోవడమో ఉంటే అది పక్షవాతం, క్షణం ఆగకూడదు. చర్మం మీద స్పర్శ లేని మచ్చ ఉండి, మోకాలి పక్క నరం తాడులా లావుగా చేతికి తగిలితే కుష్ఠు అయ్యే అవకాశం ఉంది. ఆ పేరు వినగానే దాచుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందు ఉచితం, తొందరగా మొదలుపెడితే నరం మిగులుతుంది.

పొద్దున్నే లేచాక గంటసేపు పాదాలు మొరాయించి, తిరుగుతూ ఉంటే సర్దుకుంటే అది అరుగుదల కాదు, కీళ్లలో వాపు. అరిగిన కీలు పొద్దున్న కాసేపట్లోనే వదిలేస్తుంది, సాయంత్రానికి నొప్పి పెడుతుంది. వాపు జబ్బు తెల్లారగట్లే బాధపెడుతుంది. చేతివేళ్ల కణుపులు కూడా వాస్తే రుమటాయిడ్ అనే కీళ్లవాతం అయి ఉండొచ్చు. నలభై ఐదేళ్ల లోపు మనిషికి మడమ వెనక వాపుతో పాటు తెల్లవారుజామున నడుం పట్టేసి, లేచి తిరిగితే తగ్గుతుంటే వెన్నెముకకు సంబంధించిన కీళ్లవాతం. దాన్ని కుర్రాళ్లలో 'బండి మీద తిరిగిన నొప్పి' అని ఏళ్ల తరబడి వదిలేస్తున్నాం. బొటనవేలి మొదలు అర్ధరాత్రి ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్. ఆ నొప్పి ఉన్న రోజున యూరిక్ ఆసిడ్ పరీక్ష మామూలుగా రావచ్చు, దాన్ని నమ్మి వదిలేయకూడదు.

చికున్‌గున్యా గురించి మన రాష్ట్రాల వాళ్లకు నేను చెప్పేదేముంది. 2005 చివర్లో మొదలై 2006లో ఊళ్లకు ఊళ్లు వంగి నడిచాయి. టాంజానియా వైపు మకొండే భాషలో ఆ పేరుకు వంకర తిరిగిపోవడమనే అర్థం. జ్వరం నాలుగైదు రోజుల్లో పోయినా చీలమండల వాపు, పొద్దుటి బిగుతు కొందరిలో నెలలు, ఏళ్లు ఉంటాయి. మూడు నెలలు దాటితే నొప్పి మాత్రలతో నెట్టుకురాకుండా కీళ్లవాతం డాక్టరును కలవాలి. ఆ మాత్రల పొట్లాల్లో స్టెరాయిడ్ ఉంటే షుగరు అమాంతం పెరిగిపోతుంది.

నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్లలో పెరిగినవాళ్లకు మెడ, నడుము ముందు బిగుస్తాయి, తర్వాత మిగతా కీళ్లు. ఎముకల మధ్య పట్టీలు సున్నం పట్టి గట్టిపడతాయి. ఈ జబ్బును అప్పటి నెల్లూరు జిల్లాలో 1937లోనే గుర్తించారు. నల్గొండ పేరు చెబితే ఇవాళ్టికీ అందరికీ గుర్తొచ్చేది ఇదే. ఒక్క చీలమండే పట్టేస్తే మాత్రం నేరం నీళ్ల మీద వేయకండి. కోస్తాలో బోదకాలు ఉన్నవాళ్లకు వాపే కీలును కదలనివ్వదు. అక్కడ కాలు శుభ్రంగా కడిగి ఆరబెట్టుకోవడం, ఎత్తులో పెట్టుకోవడం, ఉన్న కదలికను వాడుతూ ఉండటం వైద్యంలో సగం.

పిల్లల విషయం వేరు. ఎనిమిది నుంచి పదహారేళ్ల మధ్య పిల్లవాడికి మాటిమాటికీ చీలమండ మెలిక పడుతూ, పాదం అట్టలా బిగిసి, మునివేళ్ల మీద నిలబడినా అరికాలి వంపు రాకపోతే, పుట్టుకతోనే పాదంలో రెండు ఎముకలు కలిసి ఉండే అవకాశం ఉంది. 'వాడికి ఆటలు చేతకావు' అని తిట్టే ముందు ఒక ఎక్స్‌రే తీయించండి.

ఒక చీలమండ వారాల తరబడి మెత్తగా వాస్తూ, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే కీలులో క్షయ ఉందేమో చూడాలి. కీలు ఒక్కరోజులో ఉబ్బి, చలిజ్వరం వచ్చి, కాలు ఏమాత్రం కదపలేకపోతే అది చీము, ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. పిక్క ఒక్కటే వాచి బరువెక్కి నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, దాన్ని ఎవరిచేతా పిసికించకండి. మడమ వెనక ఎవరో తన్నినట్టు అనిపించి, ఆ తర్వాత మునివేళ్ల మీద నిలబడలేకపోతే అక్కడి పట్టీ తెగింది. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయోటిక్‌లు వాడినవాళ్లలో, అందులోనూ అరవై దాటి స్టెరాయిడ్లు కూడా తీసుకుంటున్నవాళ్లలో, ఇది మామూలు కన్నా ఎక్కువ.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. ఈ వారం చేయాల్సింది పాదం చూపించి ఆనెను పద్ధతిగా తీయించుకోవడం, స్పర్శ పరీక్ష, కాలిలో రక్తప్రసరణ పరీక్ష, హెచ్‌బీఏ1సీ, నిలబడి తీసే ఎక్స్‌రే. ఆనె కింద పుండు లేదని తేలాక ఫిజియోథెరపిస్టును కలవండి. ఇంట్లో చేయదగ్గ వ్యాయామం సులువే. గోడకు చేతులు ఆనించి, కుడి కాలు వెనక్కి చాపి, మడమ నేలకు నొక్కి 30 సెకన్లు ఉండాలి. నాలుగుసార్లు మోకాలు తిన్నగా, నాలుగుసార్లు కాస్త మడిచి. పొద్దున, సాయంత్రం, రెండు కాళ్లకూ. పాదం మరీ బయటికి తిప్పి నిలబడితే పిక్క తప్పించుకుంటుంది, వేళ్లు గోడ వైపే ఉండాలి. పిక్కలో లాగాలి. చీలమండ ముందు పొడిస్తే ఆపేయండి, ఎముక అడ్డం ఉన్నప్పుడు బలవంతం చేస్తే వాపు తప్ప ఏమీ రాదు. మూడేళ్ల బిగుతు పది రోజుల్లో పోదు, రెండు మూడు నెలల పని. ఫిజియోథెరపిస్టు చేతులతో తాలస్‌ను వెనక్కి జరుపుతూ చేసే పద్ధతులు ఉన్నాయి, అవి మీకు మీరు చేసుకోలేరు.

వేడి కాపడం వద్దు. ఇటుక, ఇసుక మూట, మరిగించిన ఉప్పునీళ్లు, ఏదీ వద్దు. స్పర్శ తగ్గిన కాలికి కాలిందని తెలియదు, మర్నాడు బొబ్బ చూసి తెలుస్తుంది. నూనె రాసుకోండి, పర్వాలేదు, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు. కీలులోకి ఇంజెక్షన్ వేస్తామంటే, అది స్టెరాయిడేనా, నా షుగరుకి ఫర్వాలేదా అని అడగండి. ఇంట్లో కూడా వట్టి కాళ్లతో తిరగకండి. ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తటి రబ్బరువి, వెనక పట్టీ ఉన్నవి, తెనాలిలోనే దొరుకుతాయి. మడమ దగ్గర సెంటీమీటరు ఎత్తు వేయించుకుంటే మెట్లు దిగడం సులువవుతుంది, కానీ అదే అలవాటైతే పిక్క ఇంకా పొట్టిదవుతుంది, పైగా బరువు ముందుకు జరిగి ఆనె మీద పడుతుంది. మీ కాలు చూసిన డాక్టరు చెబితేనే వేయించుకోండి.

ఆపరేషన్ మాట ఇప్పుడే వద్దు. ఎక్స్‌రేలో ముందు మొనలు కనబడి, అవే అడ్డమని తేలితే చిన్న రంధ్రాల గుండా గీసేయవచ్చు. పిక్క కండ ఎంతకీ సాగకపోతే, దాని వల్ల పుండ్లు పడుతుంటే, దాన్ని కొద్దిగా పొడవు చేసే ఆపరేషన్ ఉంది. కీలు పూర్తిగా అరిగి నొప్పి ఓర్చుకోలేనప్పుడు దాన్ని అతికించేయడమో, మార్చడమో చేస్తారు. మీకు నొప్పే లేదు కాబట్టి ఆ చివరి రెండింటితో మీకు పని లేదు. షుగరు అదుపులో లేకుండా వీటిలో ఏదీ చేయించుకోకండి.

కుట్టుమిషను విషయం. తొక్కుడు బల్ల మీద పాదం మొత్తం ఆనాలి, మడమతో సహా. స్టూలు రెండంగుళాలు ఎత్తు చేసి, కాస్త వెనక్కి జరిగి కూర్చుంటే చీలమండ తక్కువ వంపుతోనే తొక్కగలదు. కుడి కాలిని పూర్తిగా పక్కన పెట్టకండి, వాడని కీలు ఇంకా బిగుస్తుంది. గంటకు పది నిమిషాలు దానితోనూ తొక్కండి, లేదా మోటారు పెట్టించుకుని రెండు కాళ్లకూ విశ్రాంతి ఇచ్చి, వ్యాయామం వేరుగా చేయండి. గోడ పరీక్షలో రెండు కాళ్లకూ ఎన్ని సెంటీమీటర్లు వచ్చాయో ఈ రోజే కేలండరు మీద రాసిపెట్టుకోండి. నెల తర్వాత మళ్లీ కొలవండి. కుడి కాలికి ఒక్క సెంటీమీటరు కూడా పెరగకపోతే, ఆ రెండు అంకెలూ, ఎక్స్‌రే పట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. నాకూ ఆ అంకెలు రాయండి.